చెరుకు పెట్టే చోటు

“నా మొగని చెయ్యి తీస్కున్నవ్. ఇగ నా కొడుకు పని గూడ తీస్కుంటవా పటేలా?”

“ధర్మీ, మాట జెర చూస్కో.”

“నేను చూస్కుంటనే ఉన్న. చూసుడు రానిది నీకు. చెప్పు, నా చేతుల ఏమున్నది?”

“ఏందో ఒకటి ఉన్నది.”

“చెప్పు పటేలా. నీ ముంగటనే నిలవడ్డ. ఏం పట్టుకున్న?”

“కొడవలి.”

“చీపిరి! నీ మీదికి లేపిన చీపిరి! ఊర్లె ఇంకో పటేల్ అయితే ఈ పాటికి నన్ను కట్టేసి కొట్టిస్తుండె. నీకు కనబడనే లేదు. గీ కండ్లతోని రేపు ఇనుప గానుగల చెరుకు పెడతవా?”

“పెడత. ఇన్నేండ్ల సంది పెడుతలేనా?”

“మా భద్రు ఉన్నడు. వాన్ని కూసోపెట్టు.”

“ఎవలినన్న కూసోపెడత. నీ ఇంటోన్ని మాత్రం కూసోపెట్ట.”

“ఎందుకు? మా ఇంట్ల చేతులు ఇంకా మిగిలినయని భయమా?”

కిందటేటి పిప్పి కుప్పకు అవతల ఎద్దులకు నీళ్లు పెడుతూ నేనీ మాటలన్నీ విన్నాను. చీపిరి దగ్గర నవ్వొచ్చింది. చివరి మాటకు ఆ నవ్వు పోయింది. కుప్ప చుట్టూ తిరిగి వచ్చేసరికి ధర్మి తండా దారి పట్టింది. మా మామ పండరి గానుగను ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లిపోయిందని ఆయనకు తెలిసినట్టు లేదు. ఆమె నిలబడిన చోటు వైపే ముఖం పెట్టి, “నువ్వు చెప్పేది నాకు తెలుసు ధర్మీ” అన్నాడు.

“ఆమె పోయింది మామా” అన్నాను.

అది నలభై ఏడో సంవత్సరం, చలికాలం. హైదరాబాదులో కాలేజీ మధ్యలో వదిలేసి బాన్సువాడకు వచ్చి నాలుగు నెలలవుతోంది. చేయడానికి పనిలేక మామ గానుగ దగ్గర ఎద్దులు తోలుతానన్నాను. మర్నాడు గానుగ మొదలవుతుంది. చెరుకును నలిపే ఆ ఇనుప దిమ్మెల ముందు ఎవరు కూర్చుని చెరుకు పెట్టాలన్నదే తగాదా. ఒకవైపు రెండు కళ్లకూ పొర కమ్మిన మా మామ. ఇంకోవైపు భద్రు. భద్రు తండ్రి హేమ్లా కుడిచెయ్యి నరికింది మా మామే.

పండరి మామ మా మేనత్త సాయవ్వ భర్త. చిన్నప్పుడు నేనెరిగిన పండరి మామ వేరు. పెద్ద గొంతు. అంగడిలో ఈ కొసన మాట్లాడితే ఆ కొసన వినబడేది. బాన్సువాడలో ఏ కొత్త వస్తువైనా ముందు తన ఇంటికి రావాలనేవాడు. నిజాంసాగర్ కాలువ నీళ్లు పొలాల్లోకి వచ్చిన కొత్తలో జొన్న చేలు మడులయ్యాయి, మడుల్లో కొన్ని చెరుకు తోటలయ్యాయి. అందరూ జంకుతుంటే ఉన్న భూమిలో సగానికి పైగా చెరుకు వేసినవాడు మామ. వాళ్ల నాన్న కాలంనాటి కట్టె గానుగ ఆ చెరుకును ఆడలేకపోయింది. తోటలోనే చెరుకు ఎండిపోతుంటే కోపమొచ్చి, నిజామాబాద్ పోయి ఇనుప గానుగ బండికెత్తించుకుని వచ్చాడు. దారిలో ఊరూరా బండి ఆపి జనానికి చూపించాడట. మా నాన్న రాజేశ్వర్ ఆ బండి మీదే ఉన్నాడు. “పెండ్లికొడుకును ఊరేగించినట్టు ఊరేగించిండు మీ మామ” అని ఇప్పటికీ చెప్తాడు.

కట్టె గానుగ నెమ్మది. దాని ముందు కూర్చున్నవాడు ఒక చేత్తో చెరుకు పెడుతూ ఇంకో చేత్తో బీడీ తాగొచ్చు. ఎద్దు నిలిస్తే దిమ్మె నిలుస్తుంది, చేత్తో వెనక్కి నెట్టినా కదులుతుంది. ఇనుప గానుగ అట్లా కాదు. మూడు దిమ్మెలు, వాటిని తిప్పే పళ్ల చక్రాలు, పైన ఎద్దులను కట్టే పొడవాటి దూలం. ఎద్దులు ఒక్క అడుగు వేస్తే దిమ్మె ఎంతో దూరం తిరుగుతుంది. ఈ తేడా అందరికీ తెలుసు. పని కోసమే కొన్నారు కాబట్టి పని ఎక్కువ చేస్తుందని సంతోషించారు. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు.

కట్టె గానుగ నాటి నుంచి ఒక ఆనవాయితీ ఉంది. గానుగ మొదలుపెట్టే రోజు పూజ చేసి, చెరుకు పెట్టేవాడి కుడి మణికట్టుకు ఇంటి యజమాని పసుపుకొమ్ము కట్టిన కంకణం కడతాడు. ఆఖరి బెల్లం పెనం దిగేదాకా దాన్ని విప్పకూడదు. మధ్యలో విప్పితే బెల్లం పాకానికి రాదంటారు. ఇనుప గానుగ వచ్చిన ఏడు పూజ ఘనంగా చేశారు. మామ ఎప్పుడూ కట్టే సన్నదారం పక్కనపెట్టి, నాలుగు పేటల నూలు పురి పెట్టి, పసుపులో ముంచి హేమ్లా చేతికి కట్టాడు. “పెద్ద గానుగకు పెద్ద దారం” అన్నాడు. అందరూ నవ్వారు. హేమ్లా కూడా నవ్వి, చెయ్యి పైకెత్తి చూపించాడట.

హేమ్లా తండా మనిషి. వాళ్ల నాన్న మా మామ వాళ్ల నాన్న గానుగ దగ్గర కూర్చునేవాడు. ఆయన తర్వాత హేమ్లా. గానుగ మోత వినే చెరుకు ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాడు. ఎద్దులు తోలేవాడికీ, బెల్లం వండేవాడికీ మధ్య ఆయన మాటే నడిచేది. పెనం దించాక అడుగున, అంచుకు అంటుకున్న బెల్లాన్ని గీకి తీస్తారు. అది చెరుకు పెట్టినవాడి ఇంటికి పోవాలి. ఎవరూ ఇచ్చేది కాదు, వాడే గీక్కుంటాడు.

పూజ అయిన వారంలోపే అది జరిగింది. పొద్దున పూట. మా నాన్న ఎద్దుల వెనక ఉన్నాడు. ఒకటి పాత ఎద్దు, రెండోది బిచ్కుంద అంగడిలో కొన్న కోడె, కాడికి కొత్త. హేమ్లా చెరుకు మొదళ్లను దిమ్మెల మధ్యకు తోస్తున్నాడు. తడిసిన కంకణం చెరుకు కణుపుకు తట్టుకుంది. సన్నదారమైతే తెగేది. నాలుగు పేటల నూలు తెగలేదు. చెరుకుతోపాటు దారం, దారంతోపాటు చెయ్యి లోపలికి పోయాయి.

హేమ్లా అరిచాడు. ఆ అరుపుకు కోడె బెదిరి ముందుకు లాగింది. మణికట్టు దాకా లోపలికి పోయింది. మా నాన్న ఉరికి రెండు ఎద్దుల ముక్కుతాళ్లు పట్టుకున్నాడు. “ఆగినయ్! ఆగినయ్! కాడి ఇప్పుండ్రి, దూలం ఎన్కకు తిప్పుదాం!” అని కేకేశాడు. బెల్లం వండడానికి మద్నూర్ దిక్కు నుంచి వచ్చిన మరాఠీ ఆయన పెనం దగ్గర నుంచి లేచి వస్తున్నాడు. మామ చెరుకు మోపుల దగ్గర ఉన్నాడు. చేతిలో చెరుకు కొట్టే కత్తి. ఒక్క దూకులో హేమ్లా పక్కకు వచ్చాడు. కోడె ఇంకా వణుకుతోంది. కాడి విప్పాలంటే ఆ వణికే కోడె దగ్గరికి మనుషులు పోవాలి. అది ఇంకొక్క అడుగు వేసిందంటే మోచెయ్యి, ఆ తర్వాత భుజం. మరాఠీ ఆయన, “నకో రే, నకో!” అని, వద్దు వద్దని తన భాషలో అరుస్తూనే ఉన్నాడు. మామ కత్తి ఎత్తాడు. మోచేతికి కిందుగా ఒకటే దెబ్బ వేశాడు.

హేమ్లా బతికాడు. చెయ్యి కట్టి, బండి తోలి దవాఖానకు చేర్చేదాకా మామ ఆయన తలను తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఇంకొంచెం లోపలికి పోతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు. ఇంకా లోపలికి పోయేదా, పోకపోయేదా అని డాక్టరును ఎవరూ అడగలేదు. ఆయన అక్కడ లేడు కదా.

ఊళ్లో మాట రెండు చీలింది. పండరి ధైర్యం చేయకపోతే హేమ్లా చచ్చేవాడని సగం మంది. ఎద్దులు ఆగాక నరకడమేమిటని సగం మంది. రెండో సగానికి మా నాన్నే సాక్షి. “నేను పట్టుకున్న, ఆగినయ్. తిప్పితే చెయ్యి వచ్చేది. నలిగిన చెయ్యి అయినా చెయ్యే గద!” అని ఎవరు అడిగినా చెప్పాడు, అడగకున్నా చెప్పాడు. మామ మాత్రం ఔననలేదు, కాదనలేదు. ఆ పెద్ద గొంతు ఆ ఏడే పోయింది.

మరుసటి ఏడు హేమ్లా తమ్ముడు పనికి వచ్చాడు. మామ వద్దన్నాడు. తానే ధోవతి ఎగ్గట్టి గానుగ ముందు చెరుకు పెట్టేవాడు కూర్చునే గుంటలో దిగి కూర్చున్నాడు. పటేల్ కూలి పని చేయడమేమిటని మా నాన్న తిట్టాడు. అత్త ఏడ్చింది. మామ వినలేదు. కంకణాల ఆనవాయితీ తీసేశాడు. ఇంకెవరి చెయ్యీ ఆ గానుగ దగ్గరకు రాకూడదన్నాడు. సీజను అయ్యాక బెల్లం ముద్దలు బండి నిండా హేమ్లా ఇంటికి పంపాడు. ప్రతి ఏడూ పంపుతూనే ఉన్నాడు. మా మామ పాపం కడుక్కుంటున్నాడని, ఎంత మంచివాడని ఊరంతా అంది. నేనూ అనుకున్నాను. అప్పటికి నాకు ఆలోచన తక్కువ.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్పాలి. కిందటేడు సెలవులకు వచ్చినప్పుడు, ఆఖరి పెనం దిగిన రోజు, పనివాళ్లంతా తిండికి పోయారు. మధ్యాహ్నపు ఎండలో మామ ఒక్కడే ఉన్నాడు. చెరుకు ముక్కల మీద తడి గోనె చుట్టి, మనిషి చెయ్యంత లావు మోపు కట్టాడు. దాన్ని దిమ్మెల మధ్య పెట్టి ఎద్దులను అదిలించాడు. అది సగం లోపలికి పోయాక ఎద్దులను ఆపాడు. కాడి విప్పి, ఒంటరిగా దూలానికి రొమ్ము ఆనించి వెనక్కి నెట్టసాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. కాళ్లు జారి మోకాళ్ల మీద పడ్డాడు. లేచి మళ్లీ నెట్టాడు. చక్రాలు కిర్రుమన్నాయి, మోపు కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది.

నేను దగ్గరికి వెళ్లేసరికి దాన్ని చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. గోనె చీలికలై, లోపలి చెరుకు పిప్పి అయి ఉంది.

“ఏంది మామా ఇది?”

“వచ్చింది” అన్నాడు.

“ఏం వచ్చింది?”

“ఈసారి వచ్చింది. పోయినేడు రాలేదు. అంతకు ముందటేడు సగం వచ్చి ఇరుక్కున్నది.”

ప్రతి ఏడూ అదే పని చేస్తున్నాడని అప్పుడు తెలిసింది. వచ్చిన ఏడు, నరకకున్నా చెయ్యి వచ్చేదని కుమిలిపోతాడు. రాని ఏడు, నరికి మంచిపని చేశానని నాలుగు రోజులు నిద్రపోతాడు. ఆ తర్వాత, మోపు వేరు, చెయ్యి వేరు అన్న ఆలోచన మొదలవుతుంది. “గిట్ల చేస్తే పిచ్చి పడుతది మామా” అన్నాను. “పట్టలే ఇంకా” అన్నాడు.

మా నాన్నను సూటిగా అడిగాను. “బాపూ, నిజంగ ఎద్దులు ఆగినయా?”

“ఆగినయ్.”

“రెండూనా?”

“ముక్కుతాళ్లు నా చేతుల ఉంటే ఆగకేం చేస్తయిరా? నాలుగు పుస్తకాలు చదివి నన్నే సవాల్ చేస్తున్నవా?”

“మరి మామ ఎందుకు కొట్టిండు?”

“పోయి ఆయిన్నే అడుగు.”

అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నాన్న అబద్ధం చెప్తున్నాడని నేననను. ఎద్దులు ఆగలేదంటే, వాటిని బెదరకుండా పట్టుకోలేని తప్పు ఆయనదవుతుంది. అందుకని అవి ఆగి ఉండాలి. ఒక చెయ్యి పోయింది. ఇద్దరు మనుషులు దాన్ని చెరోవైపు నుంచి ఒకరి మీదికి ఒకరు తోసుకుంటూ ఇన్నేళ్లు గడిపారు. ఒకరు నోటితో, ఒకరు నోరు మూసుకుని.

హేమ్లాను కూడా అడిగాను. తండాలో ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అగ్గిపెట్టెను మొండి చేతి సందులో ఇరికించి, ఎడమ చేత్తో పుల్ల గీసి బీడీ ముట్టించాడు.

“నాకేమెరుక అయ్యా? అందరు నా చెయ్యి దిక్కు చూస్తుండ్రు. నేను కోడె దిక్కు చూస్తున్న. అది ముందటి కాలు లేపింది. లేపింది గని, పెట్టిందో లేదో చూడలే. అండ్లనే కత్తి పడ్డది.”

“మామ మీద కోపం లేదా?”

“పెండ్లిలల్ల ఎడమ చేత్తో తినుకుంట బంతిల కూసుండలేను. ఇంటికి తెచ్చుకొని తింట. తిన్నప్పుడల్లా కోపమొస్తది.” పొగ వదిలాడు. “దినాం పెండ్లిళ్లుండయి గద.”

ఇప్పుడు మళ్లీ ఆ తగాదా మర్నాటికి వస్తాను.

గానుగ మొదలైంది. మామే గుంటలో కూర్చున్నాడు. భద్రుకు చెరుకు అందించే పని మాత్రం ఇచ్చాడు, అదీ వెనక నుంచి, గానుగకు చెయ్యి తగలకుండా. నేను ఎద్దుల వెనక తిరుగుతున్నాను. మామ చేతులనే చూస్తూ తిరిగాను. ఆయన చెరుకును కళ్లతో చూడడం లేదు. మొదలును వేళ్లతో తడుముతూ, చెరుకు వెంట అరచెయ్యిని జరుపుతూ, దిమ్మె అంచు చల్లగా తగిలాక చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు. ప్రతి చెరుకుకూ అంతే.  భద్రు నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకు ఊపానో నాకే తెలియదు.

ఎండ ఎక్కాక ఒక వంకర చెరుకు వచ్చింది. మామ అరచెయ్యి దాని వంపు వెంట జారింది. వంపు తిరిగేసరికి దిమ్మె అంచు ఆయన అనుకున్న చోట లేదు. భద్రు కేక విన్నాను. ముక్కుతాళ్లు రెండూ గుంజి పట్టాను. భద్రు మామను నడుము దగ్గర పట్టుకుని వెనక్కి ఎత్తి పడేశాడు. ఇద్దరూ పిప్పిలో పడ్డారు. మామ చూపుడువేలి గోరు ఊడి, నెత్తురు కారుతోంది. చెయ్యి ఉంది.

నేను గుంజినప్పుడు ఎడమ ఎద్దు ఒక కాలు లేపింది. అది ఆ కాలు ముందుకు పెట్టిందో, ఉన్నచోటే పెట్టిందో నన్నడిగితే చెప్పలేను. నా కళ్లు మామ చేతి మీద ఉన్నాయి. ఆ రాత్రి ఇంట్లో మా నాన్నను ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం పెనం కింద మంట ఇంకా ఆరలేదు, హేమ్లా వచ్చాడు. చెయ్యి పోయిన నాటి నుంచి ఆయన గానుగ దగ్గరికి రావడం అదే మొదలు. ఆయన వెనక ధర్మి, ఆమె వెనక భద్రు. అత్త లేచి నిలబడింది. మామ వేలికి పసుపు గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“ఎవలు?” అన్నాడు.

“నేనే పటేలా, హేమ్లాను. గోరు పోయిందట గద?”

“పోయింది.”

“నొస్తుందా?”

“నొస్తుంది.”

“నాకు లేని గోర్లు గూడ నొస్తయి. చలికాలం మరీ.” మామకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. “భద్రును కూసోపెట్టు.”

“వద్దు హేమ్లా. నస్రుల్లాబాద్ నుంచి మనిషిని తెప్పిస్త. ఎంతడిగితే అంతిస్త. నీ కొడుకు వద్దు.”

“నా కొడుకే ఎందుకు వద్దు?”

“మల్ల గట్లయితే కొట్టాల్నో, తిప్పాల్నో నాకిప్పటికీ తెల్వది!” ఆయన గొంతు పైకి లేచింది. ఎన్నేళ్లకో ఆ గొంతు విన్నాను. “దినాం అదే ఆలోచన జేస్తున్న. తెల్వది!”

“నాకూ తెల్వది” అన్నాడు హేమ్లా. “ఎవలికీ తెల్వది. తెల్వనిదాన్ని పట్టుకొని నువ్వు నా చోట్ల కూసున్నవ్.”

“నీ చోట్ల?”

“మరెవలిది? మీ నాయిన గానుగ కాడ మా నాయిన కూసుండె. ఆయిన ఎన్క నేను. నా చెయ్యి పోతే నా తమ్ముడు కూసుండాలె. వాడొస్తే వద్దన్నవ్. నా కొడుకు పెద్దగైండు, వద్దన్నవ్. పండరి పటేల్ పాపం కడుక్కుంటుండని ఊరంత మెచ్చుకున్నది. కడుక్కో, నేనెందుకు వద్దంట? గని నా నీళ్లతోని కడుక్కున్నవ్ పటేలా.”

“నేను బెల్లం పంపుతలేనా?”

“పంపుతవ్. పిల్లలు తింటరు, ధర్మి అంగట్ల అమ్ముతది. నేను ఒక్కనాడు నోట్ల పెట్టుకోలే. పెనం గీక్కునేది మా హక్కు. నువ్వు పంపేది దానం.”

ధర్మి అందుకుంది. “నిన్న గదే చెప్పవోతే చీపిరి దాంక వచ్చింది.”

“నువ్వు ఊకో” అన్నాడు హేమ్లా.

“ఊకుంటే గిన్నేండ్లాయె!”

మామ వేలి గుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. పొయ్యిలో పిప్పి చిటపటమంది. చివరికి, “దారం నేనే కట్టిన హేమ్లా” అన్నాడు.

“కట్టినవ్. నేను నవ్వుకుంట చెయ్యి చాపిన.”

“కొట్టుడు తప్పా?”

ఆ మాట ఆయన నోటి నుంచి ఎవరూ విని ఉండరు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  హేమ్లా సాంత్వన చెప్పడానికి వచ్చిన మనిషి కాదు.

“ఒక్కోనాడు తప్పు. ధోతి కట్టుకునేటప్పుడు తప్పే. వానొచ్చి కప్పు కారుతుంటే నిచ్చెన ఎక్కలేక కింద నిలవడ్డప్పుడు తప్పే. మనుమరాలు వచ్చి నా మీద పండుకుంటది సూడు, అప్పుడు గాదు. నువ్వేమో ఒక్కటే మాట చెప్పుమంటున్నవ్. నా కాడ ఒక్కటే మాట లేదు. నువ్వు గూడ రెండు పట్టుకొని బతుకు. నేను బతుకుతలేనా, ఒక్క చేత్తోని?”

లేచాడు. పోతూ పోతూ ఆగి, “రేపు పొద్దుగాల వాడొస్తడు. వద్దంటవా, ఆ మాట వాని మొఖం మీదనే చెప్పు. మా ఆడామెతో చెప్పకు, చీపిరి మంచిది కాదు” అన్నాడు.

ఆ రాత్రి మామ వద్దంటాడా, సరేనంటాడా అన్నది మాలో ఎవరికీ తెలియలేదు. అత్త అడిగితే, “పండుకో” అన్నాడట. ఒప్పుకుంటే ఒక జీవితాన్ని మళ్లీ ఆ దిమ్మెల ముందుకు తన చేత్తో తోసినట్టు. కాదంటే హేమ్లా దగ్గర రెండోసారి తీసుకున్నట్టు. ఇందులో మంచిదేదో నేను చెప్పగలనని అనుకునేవాణ్ని, కాలేజీలో ఉన్నప్పుడు. ఇప్పుడు చెప్పలేను.

పొద్దున్నే భద్రు వచ్చాడు. అమ్మానాన్నలూ వచ్చారు. మా నాన్న రాలేదు. రమ్మని అత్త కబురు పంపింది, పొలంలో పని ఉందన్నాడు. భద్రు గుంట అంచున నిలబడి ఎదురుచూశాడు. మామ కర్ర ఊతతో దగ్గరికి వచ్చి, “చేతులియ్యి” అన్నాడు. భద్రు రెండు చేతులూ చాపాడు. మామ వాటిని పట్టుకుని, వేళ్ల నుంచి మోచేతుల దాకా మెల్లగా తడిమాడు. కుడి మణికట్టు దగ్గర వెండి కడెం తగిలింది. ఆయన చేతులు అక్కడే ఆగిపోయాయి.  ధర్మి ముందుకు వచ్చి, కడెం గుంజి తీసి తన కొంగున ముడేసుకుంది. “చేతికి ఏముండొద్దు, అంతే గద? ఇగ చెప్పు” అంది.

“కూసో” అన్నాడు మామ.

భద్రు గుంటలోకి దిగాడు. నేను ఎద్దుల దగ్గరికి పోయి తాళ్లు సర్దుకున్నాను. ఇంటికి పోదాం రమ్మని అత్త మామ భుజం పట్టుకుంది. “నీకు చూసేది లేదు, ఇనేది లేదు, ఈడ కూసుండి ఏం జేస్తవ్? మంచిగనే నడుస్తది, ఫికర్ జేయకు” అంది. ఆయన భుజం విదిలించుకున్నాడు. తడుముకుంటూ, ఎద్దులను అదిలిస్తున్న నా గొంతు విని నా వైపు వచ్చాడు. ముఖమంతా చెమట. నా చొక్కా దొరికింది, గట్టిగా పట్టుకున్నాడు.

“అల్లుడా, ఎద్దులను ఇంకెవనికన్న ఇయ్యి. నువ్వు నా పక్కన కూసో. వాని చేతులు ఎప్పుడు యాడున్నయో నాకు చెప్పుకుంట ఉండు. ఇంట్ల అందరు మంచిగున్నది మంచిగున్నది అంటరు. నీకు గట్ల అనుడు చాతగాదు. దిమ్మె దగ్గరికి పోతే పోయిందను, ఎన్కకొస్తే వచ్చిందను. ఏదీ దాయకు.”